గుండు చేతిని ఎంత వేగంతో వదిలింది? టేపు, ఫోనుతో మైదానంలోనే లెక్క కట్టడం ఎలా

షాట్‌పుట్ నేర్పే చోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "నలభై అయిదు డిగ్రీల్లో విసురు." ఇంటర్ ఫిజిక్స్‌లో ప్రక్షేపకం (గాల్లోకి విసిరిన వస్తువు) పాఠం చదివిన వాళ్లకు ఆ సంఖ్య చచ్చినా మరుపు రాదు. పాఠంలో అది నిజమే. కాకపోతే ఆ లెక్కకు మూడు షరతులున్నాయి: వస్తువు బయల్దేరిన మట్టానికే వచ్చి పడాలి, గాలి అడ్డు ఉండకూడదు, ఏ కోణంలో విసిరినా వేగం ఒకేలా ఉండాలి. గుండు విషయంలో గాలి షరతు ఒక్కటే దాదాపుగా నిలుస్తుంది. గుండు బయల్దేరేది భుజం కంటే పైనుంచి, పడేది నేల మీద. కోణం పెంచితే వేగం తగ్గుతుంది. అందుకే 45 కోసం పాకులాడిన పిల్లలు దూరం పోగొట్టుకుంటారు.

ఎవరికి ఏ కోణం సరిపోతుందో, అసలు లోపం కోణంలో ఉందో వేగంలో ఉందో తెలియాలంటే కొలవాలి. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. స్లో మోషన్ ఉన్న ఫోను, దాన్ని కదలకుండా నిలిపే ట్రైపాడ్, 30 మీటర్ల టేపు, రెండున్నర మీటర్ల పీవీసీ పైపు, రంగు టేపు, నాలుగు కర్రలు, సున్నం, ఒక నోటుబుక్కు ఉంటే సరిపోతుంది. పైపుకు ప్రతి 10 సెం.మీ.కు ఒక రంగు పట్టీ చుట్టండి. ఎత్తులు చదవడానికి అదే మీ కొలబద్ద.

ముందు ఫోన్ని పరీక్షించండి

స్లో మోషన్ సెట్టింగులో సెకనుకు 240 ఫ్రేములు ఎంచుకోండి. ఒక్కో ఫ్రేముకు 0.0042 సెకను. చేతి స్టాప్‌వాచ్‌తో ఈ పని జరగదు. బొటనవేలు స్పందించడానికే 0.2 సెకను దాకా పడుతుంది, గుండు గాల్లో ఉండేది సెకనున్నరకు అటూ ఇటూ.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. 240 ఫ్రేములతో తీసిన వీడియోను ఫోను మామూలుగా 30 ఫ్రేముల చొప్పున, అంటే 8 రెట్లు సాగదీసి చూపిస్తుంది. 1.35 సెకన్ల గమనం తెర మీద 10.8 సెకన్లుగా కనిపిస్తుంది. ఆ సమయాన్నే లెక్కలో పెడితే అంతా తలకిందులే. తెర మీది సెకన్లను నమ్మకండి, ఫ్రేములు లెక్కపెట్టి 240తో భాగించండి. ఒక్కో ఫ్రేము జరిపే ఉచిత వీడియో ప్లేయర్లు కంప్యూటర్‌కూ ఫోనుకూ దొరుకుతాయి.

కొన్ని ఫోన్లు 240 అని చెప్పి తక్కువ ఫ్రేములే తీస్తాయి. సంగతి తేల్చుకోవడం తేలిక. బంతి అడుగుభాగం నేల నుంచి సరిగ్గా 1.225 మీటర్ల ఎత్తున ఉండేలా పట్టుకుని, నెట్టకుండా వదలండి. గురుత్వ త్వరణం 9.8 అనుకుంటే అది నేలను తాకడానికి సరిగ్గా అర సెకను పడుతుంది. అంటే 120 ఫ్రేములు రావాలి. 118 నుంచి 122 మధ్య వస్తే మీ ఫోను పనికొస్తుంది. 60 వస్తే అది నిజంగా తీస్తున్నది 120 ఫ్రేములే, లెక్కలన్నీ 120తోనే చేయండి. (తెలుగు ప్రాంతాల్లో గురుత్వ త్వరణం నిజానికి 9.78 దగ్గర ఉంటుంది. 9.8 వాడితే వచ్చే తేడా 0.2 శాతం, మన పనికి అది అడ్డు కాదు.)

సరళరేఖలో గమనం: 30 మీటర్ల పరుగు

గుండు కంటే ముందు పరుగు కొలవండి. కొలిచే పద్ధతి చేతికి అలవాటవుతుంది, పైగా త్వరణం అంటే ఏమిటో ఇక్కడ కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

లేన్ మీద 0, 10, 20, 30 మీటర్ల దగ్గర సున్నం గీతలు వేయండి. 15 మీటర్ల గుర్తుకు ఎదురుగా, లేన్‌కు లంబంగా 30 మీటర్ల దూరంలో ట్రైపాడ్ పెట్టండి. అంతకంటే దగ్గరైతే స్లో మోషన్‌లో తెర కుంచించుకుపోయి 30 మీటర్లూ పట్టదు.

ఇక కర్రలు. పరుగెత్తేవాడికి తగలకుండా వాటిని లేన్‌కు ఒక మీటరు ఇవతల, కెమెరా వైపు నాటాలి. గీతకు నేరుగా నాటితే తప్పు వస్తుంది, ఎందుకంటే కెమెరా చూపు చివరి కర్ర మీదుగా ఏటవాలుగా పోయి లేన్‌ను 30 దగ్గర కాక 30.5 మీటర్ల దగ్గర తాకుతుంది. ఆ అరమీటరు అంటే దాదాపు 0.06 సెకను, రెండు నెలల సాధనలో వచ్చే మెరుగుదల అందులోనే మాయమైపోవచ్చు. కాబట్టి రెండు చివరల కర్రలను (0, 30) మధ్య వైపుకు 50 సెం.మీ., లోపలి రెండింటిని (10, 20) 17 సెం.మీ. జరిపి నాటండి. తర్వాత ఒక మనిషిని లేన్‌లో 30 మీటర్ల గీత మీద నిలబెట్టి ఫోను తెరలో చూడండి. కర్ర అతని నడుము మీదుగా కనిపిస్తే సరిగ్గా నాటినట్టే.

కాలం ఎక్కడ మొదలుపెట్టాలో ముందే తేల్చుకోండి. నిలబడి బయల్దేరితే వెనక కాలు నేలను వదిలిన ఫ్రేము, వంగి చేతులు ఆనించి బయల్దేరితే చెయ్యి నేలను వదిలిన ఫ్రేము. ఏది ఎంచుకున్నా ప్రతిసారీ అదే. దాటడం అంటే నడుము కర్రను దాటడం. ఒకసారి ఛాతీ, ఒకసారి ముందుకు చాచిన చెయ్యి లెక్కపెడితే ఆ అంకెలు పోల్చడానికి పనికిరావు.

ఒక కాలేజీ కుర్రాడికి ఫ్రేములు ఇలా వచ్చాయనుకుందాం: మొదటి 10 మీటర్లకు 480, తర్వాతి 10కి 312, ఆఖరి 10కి 283. అంటే 2.00, 1.30, 1.18 సెకన్లు. సగటు వేగాలు సెకనుకు 5.0, 7.7, 8.5 మీటర్లు.

ఇప్పుడు పుస్తక సూత్రం పెట్టి చూడండి. నిశ్చల స్థితి నుంచి 10 మీటర్లు 2 సెకన్లలో దాటాడు కాబట్టి త్వరణం 5, కాబట్టి 10 మీటర్ల దగ్గర వేగం సెకనుకు 10 మీటర్లు అని వస్తుంది. కానీ తర్వాతి 10 మీటర్లలో సగటే 7.7! ఆ సూత్రం సమత్వరణానికి మాత్రమే. పరుగులో త్వరణం మొదటి అడుగుల్లో చాలా ఎక్కువగా ఉండి అడుగడుగునా పడిపోతుంది. అందుకని ఒక్కో ముక్క సగటు వేగాన్ని ఆ ముక్క నడిమి సమయానికి ఆపాదించి పోల్చండి: 1.00 సెకను దగ్గర 5.0, 2.65 దగ్గర 7.7, 3.89 దగ్గర 8.5. మొదటి రెంటి మధ్య త్వరణం సుమారు 1.6, తర్వాతి రెంటి మధ్య 0.6. గ్రాఫు కాగితం మీద ఈ మూడు చుక్కలూ పెడితే గీత ఎలా వంగుతుందో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ వంపు అందరికీ ఉంటుంది. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్ల పరుగును 20 మీటర్ల ముక్కలుగా చూస్తే 2.89, 1.75, 1.67, 1.61, 1.66. (మొదటి దాంట్లో తుపాకీ శబ్దానికి స్పందించిన 0.146 సెకను కూడా ఉంది.) ఆయన గరిష్ఠ వేగం 60, 80 మీటర్ల మధ్య సెకనుకు 12.4 మీటర్లు. ఆఖరి 20లో ఆయనకూ వేగం తగ్గింది. "చివర్లో వేగం పెంచు" అని గట్టు మీద నుంచి అరవడం వల్ల 100 మీటర్లలో ఒరిగేది లేదు, చివర్లో గెలిచేవాడు తక్కువగా తగ్గినవాడు.

మీ పిల్లల్లో మొదటి ముక్క బలహీనంగా ఉండి మిగతావి బాగుంటే బయల్దేరే తీరు చూడండి. రెండో అడుగుకే నిటారుగా లేచిపోతే నేలను వెనక్కి నెట్టే బలం తగ్గుతుంది. రెండో ముక్కకూ మూడో ముక్కకూ తేడా దాదాపు లేకపోతే ఆ వేగం దగ్గరే ఆగిపోతున్నాడని అర్థం. అతనికి 20 మీటర్ల పరుగులు మాత్రమే చేయిస్తే చాలదు, 40, 50 మీటర్లవి కావాలి.

గుండు: కొలిచే క్రమం

సరైన బరువుతో మొదలుపెట్టండి. పురుషులకు 7.26 కిలోలు, మహిళలకు 4 కిలోలు, 20 ఏళ్ల లోపు అబ్బాయిలకు 6, 18 లోపు అబ్బాయిలకు 5, 18 లోపు అమ్మాయిలకు 3. తేలిక గుండుతో వచ్చిన కోణాన్ని బరువు గుండుకు అంటగట్టకూడదు, ఎందుకో కింద తెలుస్తుంది.

1. ట్రైపాడ్‌ను విసురుకు పక్కగా, సెక్టార్ (గుండు పడాల్సిన, గీతల మధ్య ఉన్న మేర) గీతకు బాగా బయట, గుండు దారికి 15 మీటర్ల దూరంలో పెట్టండి. సర్కిలూ (విసిరేవాడు నిలబడే వలయం), గుండు పడే చోటూ రెండూ తెరలో కనిపించాలి. విసిరే సమయంలో సెక్టార్ లోపల ఎవ్వరూ ఉండకూడదు, టేపు పట్టుకున్నవాళ్లు కూడా.

2. విసిరే ముందు రంగు పట్టీల పైపును స్టాప్ బోర్డు (సర్కిల్ ముందు అంచున ఉండే అడ్డు చెక్క) లోపలి అంచు దగ్గర నిలువుగా నిలబెట్టి, వీడియో ఆన్ చేసి, మూడు సెకన్లాగి పైపు తీసేయండి. కెమెరా ఆ తర్వాత కదలకూడదు. విసిరేవాడు ఉండే తలంలోనే పైపు ఉంది కాబట్టి దాని కొలత అతనికీ సరిపోతుంది.

3. విసిరాక టేపుతో దూరం కొలవండి. గుండు పడి చేసిన గుంటలో సర్కిల్‌కు దగ్గరి అంచు నుంచి సర్కిల్ కేంద్రం మీదుగా టేపు లాగి, స్టాప్ బోర్డు లోపలి అంచు దగ్గర చదవాలి.

4. వీడియోలో గుండు వేళ్లను వదిలిన ఫ్రేము వెతకండి. వేళ్లకూ గుండుకూ మధ్య సందు మొదటిసారి కనిపించేది అదే. అక్కడ గుండు అడుగుభాగం ఎత్తు, బోర్డు లోపలి అంచు కంటే ఎంత ముందుకు వచ్చిందీ పైపు కొలతతో చదవండి. ముందుకు వచ్చిన దూరాన్ని టేపు దూరంలోంచి తీసేయాలి.

5. ఆ ఫ్రేము నుంచి నేలను తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. దుమ్ము లేచిన ఫ్రేము కాదు, దానికి ముందుది.

ఉదాహరణకు టేపు దూరం 12.00 మీటర్లు, ముందుకు వచ్చింది 0.20, ఎత్తు 1.90, ఫ్రేములు 324 అనుకోండి. గాల్లో ప్రయాణించిన దూరం 11.80 మీటర్లు, కాలం 1.35 సెకన్లు.

అడ్డంగా ఏ బలమూ లేదు, కాబట్టి ఆ వేగం మారదు: 11.80 ÷ 1.35 = 8.74.

నిలువు వేగానికి, కాలాన్ని 4.9తో గుణించి, అందులోంచి ఎత్తును కాలంతో భాగించిన అంకె తీసేయండి: 4.9 × 1.35 − 1.90 ÷ 1.35 = 6.62 − 1.41 = 5.21.

రెంటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే విడుదల వేగం: సెకనుకు 10.2 మీటర్లు. నిలువు వేగాన్ని అడ్డ వేగంతో భాగిస్తే 0.596. ఆ టాన్ విలువకు కోణం దాదాపు 31 డిగ్రీలు. క్యాలిక్యులేటర్ రేడియన్లలో ఉంటే 0.54 అని చూపిస్తుంది, డిగ్రీలకు మార్చుకోండి.

తెర మీద కోణమానిని పెట్టి కోణం కొలవడం కన్నా ఈ దారి నమ్మకమైనది. కెమెరా కాస్త వంకరగా ఉన్నా, లెన్సు అంచుల్లో బొమ్మ వంగినా కాలం మారదు. సెకనుకు 30 ఫ్రేముల మామూలు వీడియోతో చేస్తే మాత్రం ఒక్క ఫ్రేము తేడాకే కోణం డిగ్రీన్నర దాకా తప్పుతుంది. నేల వాలుగా ఉంటే, గుండు పడిన చోటు సర్కిల్ కంటే ఎంత దిగువన ఉందో ఆ అంకెను ఎత్తుకు కలపండి. గుంట అంచుకూ నడిమికీ ఉండే నాలుగైదు సెంటీమీటర్లను పట్టించుకోనక్కర్లేదు.

ఆరు విసుర్లు కొలవండి. ఒక్కదాన్ని బట్టి తీర్పు చెప్పకండి. ఆరింటిలో కోణం 29 నుంచి 34 దాకా ఊగుతుంటే, ముందు దిద్దాల్సింది ఆ ఊగిసలాటనే.

కోణమా, వేగమా?

పై కుర్రాడి అంకెలతోనే ఆడి చూద్దాం. గాల్లో దూరం 11.8 మీటర్లు.

వేగం అదే ఉంచి కోణం 36కు పెంచగలిగితే 12.2 వస్తుంది. 40కి 12.3. 45కు మళ్లీ 12.2, అంటే 36 దగ్గర వచ్చినదే. గణితం ప్రకారం ఇతని వేగానికీ ఎత్తుకూ శిఖరం 40, 41 డిగ్రీల దగ్గర ఉంది, ఆ శిఖరం కూడా చాలా చదునైనది. తొమ్మిది డిగ్రీలు పెంచితే దక్కింది అరమీటరు.

కోణం అలాగే ఉంచి వేగం సెకనుకు అరమీటరు పెంచితే? దాదాపు 12.8. ఒక మీటరు ఎక్కువ.

కోణం 40కి పెంచే ప్రయత్నంలో వేగం సెకనుకు 0.3 మీటర్లు పోయిందనుకోండి. దూరం 11.7. అంత కష్టపడ్డాక ఉన్నదాంట్లోంచి 10 సెంటీమీటర్లు పోయాయి. ఈ మూడు లెక్కలూ పక్కపక్కన రాసి పిల్లలకు చూపించండి. నా దృష్టిలో షాట్‌పుట్ భౌతికశాస్త్రంలో ఇంతకంటే ఉపయోగపడే పాఠం లేదు.

వేగం ఎందుకు పోతుంది? 7.26 కిలోల గుండును భూమి 71 న్యూటన్ల బలంతో కిందికి లాగుతూ ఉంటుంది. ఎంత నిట్టనిలువుగా నెడితే చేతి బలంలో అంత ఎక్కువ భాగం ఆ లాగుడును ఎదుర్కోవడానికే సరిపోతుంది, గుండు వేగం పెంచడానికి మిగిలేది తగ్గుతుంది. రెండో కారణం ఒళ్లు. ఛాతీ, భుజం కండరాలు ముందుకు నెట్టేటప్పుడు ఇచ్చే బలం తల మీదికి నెట్టేటప్పుడు ఇవ్వలేవు. బెంచ్ ప్రెస్‌లో (బల్ల మీద వెల్లకిలా పడుకుని) ఎత్తగలిగిన బరువును నిలబడి తలపైకి ఎత్తి చూస్తే ఆ తేడా భుజానికే తెలుస్తుంది. బరువు గుండుతో ఈ నష్టం ఇంకా ఎక్కువ. మంచి త్రోయర్ల కోణాలు 30ల నడుమ కనిపించడానికి కారణం ఇదే.

కాబట్టి మీ పిల్లవాడి కోణం 31 నుంచి 37 మధ్య ఉంటే దాన్ని వదిలేయండి, సమయమంతా వేగం మీద పెట్టండి. కాళ్లు, నడుము తిరగక ముందే చెయ్యి బయల్దేరుతుందేమో వీడియోలో చూడండి. గుండును నెట్టే దారి ఎంత పొడవైతే వేగం అంత పెరుగుతుంది, చెయ్యి తొందరపడితే ఆ దారి సగానికి తెగిపోతుంది. కోణం 27, 28కి పడిపోతుంటే తరచుగా కారణం చెయ్యి కాదు: ముందు కాలు మోకాలు వంగిపోయి ఒళ్లు కిందికి జారడం, లేదా ఎడమ భుజం ముందే పక్కకు ఒరగడం. ముందు కాలు బిగిస్తే కోణం దానంతటదే రెండు మూడు డిగ్రీలు లేస్తుంది, విడుదల ఎత్తు కూడా పెరుగుతుంది. ఎత్తు 10 సెం.మీ. పెరిగితే దూరం సుమారు 11 సెం.మీ. పెరుగుతుంది.

లాంగ్ జంప్‌లో 45 ఎందుకు అసాధ్యం

ఇక్కడ కొలవనవసరం కూడా లేదు. 45 డిగ్రీలంటే నిలువు వేగం అడ్డ వేగమంత ఉండాలి. సెకనుకు 9 మీటర్లతో పరుగెత్తి వచ్చినవాడు 9 మీటర్ల నిలువు వేగంతో లేస్తే అతని శరీర గరిమనాభి (ఒంటి బరువు కేంద్రం) 4.1 మీటర్లు పైకి పోవాలి. ఏ మనిషీ అలా ఎగరలేడు. దూకే ముందు ఆఖరి అడుగు వేసే బోర్డు మీద పాదం ఆనేది సెకనులో దాదాపు ఎనిమిదో వంతు మాత్రమే, అంతలో దక్కే నిలువు వేగం మూడు, మూడున్నర. అందుకే మంచి దూకుడు 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. నేర్పేటప్పుడు "పైకి ఎగురు" అన్న మాట తగ్గించి, బోర్డుకు ముందు ఆఖరి 10 మీటర్ల వేగాన్ని పైన చెప్పిన కర్రల పద్ధతితో కొలవండి. చాలామంది బోర్డు కోసం కిందికి చూస్తూ, అడుగులు సర్దుకుంటూ వేగాన్ని అక్కడే పోగొట్టుకుంటారు.

క్రికెట్ బంతికి ఈ లెక్క ఎంతవరకు?

గుండు మీద గాలి అడ్డు సెకనుకు 10 మీటర్ల వేగంలో న్యూటన్‌లో మూడో వంతు. 71 న్యూటన్ల బరువు ముందు అది లెక్కలోకి రాదు. సుమారు 160 గ్రాముల క్రికెట్ బంతి కథ వేరు. సెకనుకు 30 మీటర్లతో (గంటకు 108 కి.మీ.) వెళ్లేటప్పుడు గాలి అడ్డు దాని సొంత బరువులో సగానికి మించుతుంది. బౌండరీ నుంచి విసిరే త్రోకు పై సూత్రాలు పెడితే రావాల్సిన దానికంటే ఎక్కువ దూరం చూపిస్తాయి. షటిల్‌కైతే అసలు పనికిరావు, అది కాసేపటికే వేగమంతా పోగొట్టుకుని దాదాపు నిట్టనిలువుగా పడుతుంది.

దగ్గరి త్రోలకు మాత్రం లెక్క ఉజ్జాయింపుగా సరిపోతుంది. 25 మీటర్ల దూరం నుంచి సెకనుకు 30 మీటర్ల వేగంతో, 1.8 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన బంతికి వికెట్లను చేరడానికి 0.83 సెకను పడుతుంది. అంతలో గురుత్వం దాన్ని 3.4 మీటర్లు కిందికి దించుతుంది. అది స్టంపుల పైభాగానికి కాస్త కిందగా, అరమీటరు ఎత్తున తగలాలంటే చెయ్యి గురిపెట్టాల్సింది స్టంపులకు కాదు, వాటికి సరిగ్గా పైన 3.9 మీటర్ల ఎత్తున ఉన్న చోటుకు. కోణం చూస్తే 5 డిగ్రీలే.

సాధనకు రెండు పొడవాటి కర్రలు వికెట్ల వెనక నాటి, 3.9 మీటర్ల దగ్గర తాడు కట్టి, దానికి ఒక ఎర్ర గుడ్డ వేలాడదీయండి. పిల్లలు గుడ్డను చూసి విసరాలి. బంతి ప్రతిసారీ వికెట్ల ముందే నేలను తాకుతుంటే వేగం 30 కంటే తక్కువ ఉండొచ్చు. గాలి అడ్డు కూడా కాస్త దించుతుంది. గుడ్డను 20 సెం.మీ. చొప్పున పైకి కట్టుకుంటూ పోండి, ఎవరి చేతికి ఏ ఎత్తు కుదురుతుందో వాళ్ల పేరు పక్కన రాసుకోండి.